నారు షెడ్డులో నీళ్ల డ్రమ్ములు ఎందుకు? విశిష్టోష్ణం, రైతు లెక్కలో



పోయిన వీడియోలో మా నారు షెడ్డు చూపించినప్పుడు ఉత్తరం గోడ వెంట వరుసగా నిలబెట్టిన నల్ల డ్రమ్ములు చాలామంది కంట్లో పడ్డాయి. "అన్నా, అవి జీవామృతం డ్రమ్ములా?" అని కొందరు అడిగారు. "దొంగచాటుగా ఏమన్నా మందు కలుపుతున్నావా?" అని ఒకాయన అడిగాడు. సరదాకే అనుకుంటున్నా. వాటిల్లో ఉన్నది ఒట్టి బోరు నీళ్లు. మొక్కలకి పోయను, దేనికీ వాడను. నవంబరులో నింపి మూత బిగిస్తే ఫిబ్రవరి దాకా కదిలించను. రాత్రిపూట అవే మా షెడ్డుకి కుంపట్లు.

నిప్పు లేని కుంపటి ఎలా అవుతుందో చెప్పాలంటే పదో తరగతి భౌతికశాస్త్రంలో ఒక పాఠం బయటికి తీయాలి. దాని పేరు విశిష్టోష్ణం. నేను కూడా పదిలో చదివాను, ఆ తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో నేలల సబ్జెక్టులో మళ్లీ చదివాను. రెండుసార్లూ మార్కులు బాగానే వచ్చాయి. అది నా షెడ్డుకి సంబంధించిన విషయం అని తెలియడానికి మాత్రం పదకొండు వేల మొక్కలు చచ్చిపోవాల్సి వచ్చింది.

మాది సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ వైపు. చలికాలంలో తెలంగాణలో బాగా చలి పడ్డ ఊళ్ల పేర్లు వార్తల్లో చదివేటప్పుడు ఆదిలాబాద్ వైపు ఊళ్లతో పాటు మా పక్కనున్న కోహీర్ పేరు కూడా తరచుగా వినబడుతుంది. నర్సరీ పెట్టిన మొదటి ఏడాది, డిసెంబరు చివర్లో, 120 ట్రేలు టమాట, మిరప నారు పోశాను. ట్రేకి 98 గుంటలు. షెడ్డు చిన్నదే, 5 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు, పైన ఒక్క పొర పాలిథిన్ షీటు. ట్రేలు నేల మీద ఉంటే తెగుళ్లు వస్తాయని ఇనుప యాంగిల్స్‌తో బల్లలు కట్టించి వాటి మీద పెట్టాను. సాయంత్రం నీళ్లు పెడితే నారుకుళ్లు వస్తుందని ఆ రోజు సాయంత్రం నీళ్లు పెట్టలేదు. ట్రేలు సగం ఆరిపోయి ఉన్నాయి. పొద్దు గూకకముందే పక్క తెరలు దించేశాను. లోపల వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనం తెల్లారేదాకా ఉంటుందిలే అనుకుని పోయి పడుకున్నా.

ఆకాశం తేటగా ఉన్న రాత్రి అది. పొద్దున ఆరింటికి షెడ్డులో థర్మామీటరు 6 డిగ్రీలు చూపించింది. బయటా దాదాపు అంతే! షీటు కట్టినందుకు నాకు మిగిలింది ఏమీ లేదు. ఎండ వచ్చేసరికి మిరప ఆకులు నీళ్లలో ఉడికించినట్టు మెత్తబడి వేలాడాయి. టమాట కొంచెం ఓర్చుకుంది గానీ కాండం ఊదారంగుకి తిరిగింది. అటుపక్క రెండు రాత్రులూ అలాగే పడేసరికి అదీ పోయింది.

ఆ నారులో నాలుగు వేల మొక్కలు పక్కూరి రైతు ఒకాయన అడ్వాన్సు ఇచ్చి రాయించుకున్నవి. ఆయన వచ్చి ట్రేలు చూశాడు. తిట్టలేదు. "తమ్మీ, నేను మడి దున్ని బోదెలు తోలి పెట్టుకున్న. ఇప్పుడు నారు యాడ తేవాలె?" అన్నాడు. అడ్వాన్సు తిరిగిచ్చాను. కానీ ఆయన వేరే చోట నారు దొరికించుకుని నాటేసరికి ఇరవై రోజులు దాటిపోయింది. కాయ మార్కెట్‌కి వచ్చేసరికి రేటు పడిపోయింది. ఆ నష్టాన్ని నేను తీర్చలేదు, తీర్చే స్థితిలో కూడా లేను.

అయితే ఆ షెడ్డులో ఒక మూల పచ్చగానే ఉంది. సిమెంటు నీళ్ల తొట్టి పక్కన బల్ల మీద జాగా చాలక ఎనిమిది ట్రేలు నేల మీదే పెట్టాం. వాటిల్లో ముప్పాతిక మొక్కలు బతికాయి. నేను అది విత్తనం తేడా అనుకున్నా, గాలి తగలని చోటు అనుకున్నా, ఏవేవో అనుకున్నా. మా దగ్గర నారు పోసే అవ్వ ఒకావిడ ఉంది, బడికి పోలేదు. ఆవిడ తొట్టి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, "తొట్టి పగలంత ఎండ తాగింది బిడ్డా, రాత్రంత కక్కింది. పక్కనున్నయి బతికినయ్. ఇందుల ఏమున్నది?" అంది.

విశిష్టోష్ణానికి అంతకన్నా సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడి నుంచి ఆవిడ మాటకి అంకెలు వేస్తాను, అంతే.

మొదట ఒక తికమక తీసేయాలి. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. థర్మామీటరు చూపించేది ఉష్ణోగ్రత. అది నీటి మట్టం లాంటిది. మట్టం చూసి చెరువులో నీళ్లెన్నో చెప్పలేం కదా, చెరువు వైశాల్యం తెలియాలి. సన్న గొట్టంలో నాలుగడుగుల నీళ్లూ, ఊరి చెరువులో నాలుగడుగుల నీళ్లూ ఒకటి కావు. అలాగే 28 డిగ్రీల గాలీ 28 డిగ్రీల నీళ్లూ ఒకే "మట్టం"లో ఉన్నా, వాటిల్లో దాగిన వేడి ఒకటి కాదు.

ఒక కిలో పదార్థాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో అదే దాని విశిష్టోష్ణం. నీళ్లకి కిలోకి, డిగ్రీకి 1 కిలో క్యాలరీ. అసలు క్యాలరీ అనే కొలతనే నీళ్లని బట్టి పెట్టుకున్నారు కాబట్టి అది ఒకటి. ఇప్పటి పుస్తకాల్లో జౌళ్లలో రాస్తారు, 4,180 జౌళ్ల చిల్లర అని. మనకి ఒకటి అనుకోవడమే సులువు. ఇంకో మాట గుర్తుంచుకోండి: ఎక్కడానికి ఎంత తీసుకుంటుందో, దిగేటప్పుడు అంతే ఇచ్చేస్తుంది. ఈ "ఇచ్చేస్తుంది" అన్న మాట మీదే నా నర్సరీ నడుస్తోంది.

మిగతావి నీళ్లతో పోల్చి చూద్దాం. కిరోసిన్ 0.5. అల్యూమినియం 0.21. ఎండు మట్టి, రాయి సుమారు 0.2. ఇనుము 0.11. రాగి 0.095. పాదరసం, సీసం అయితే 0.03 దగ్గర. అంటే కిలో నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించే వేడితో తొమ్మిది కిలోల ఇనుముని ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. మనం రోజూ చూసే పదార్థాల్లో నీళ్లంత "పెద్ద కడుపు" ఉన్నది దాదాపు లేదనే చెప్పాలి.

ఇది మొదట గట్టిగా పట్టుకున్నది స్కాట్లాండ్‌కి చెందిన జోసెఫ్ బ్లాక్ అనే ఆయన. 1760 ప్రాంతంలో గ్లాస్గో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు, వృత్తికి వైద్యుడు. అంతకుముందు అందరూ, ఎంత బరువైన వస్తువైతే వేడెక్కడానికి అంత వేడి తాగుతుంది అనుకునేవారు. పాదరసం నీళ్లకన్నా పదమూడున్నర రెట్లు బరువు. కానీ ఒకే కొలత పాదరసాన్నీ నీళ్లనీ ఒకే మంట ముందు పెడితే పాదరసమే రెండింతల వేగంతో వేడెక్కుతుంది. బరువుని బట్టి కాదు, పదార్థం స్వభావాన్ని బట్టి అని ఆయన తేల్చాడు.

ఇక మన ప్రయోగం. దీన్ని ఈ పోస్టు వీడియోలో మొత్తం చూపించాను, ఇంట్లో పిల్లలతో చేయించండి. మా తాతల నాటి ఇనుప కిలో రాయి ఒకటుంది, కిరాణా తక్కెడలో వాడేది. దాన్ని పావుగంట సేపు మరిగే నీళ్లలో ఉంచాను. మా ఊరు ఆరువందల మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మకోల్ డబ్బాలో 25 డిగ్రీల చల్ల నీళ్లు ఒక లీటరు పోసి, పట్టకారుతో రాయిని అందులోకి దించి కలియబెట్టాను. నీళ్లు ఎక్కడిదాకా పోతాయో ముందు ఊహించమని మా వాళ్లని అడిగితే ఒకరు 50 అన్నారు, ఒకరు 60 అన్నారు. తీరా ఆగింది 31.7 దగ్గర!

రెండోసారి రాయికి బదులు 98 డిగ్రీల నీళ్లే ఒక లీటరు పోశాను. 60కి వెళ్లింది. రెండూ కిలో బరువే, రెండూ 98 డిగ్రీలే. ఒకటి చల్ల నీళ్లని ఏడు డిగ్రీలు కూడా లేపలేదు, ఇంకొకటి ముప్పై అయిదు డిగ్రీలు లేపింది.

ఇప్పుడు లెక్క. పుస్తకంలో సూత్రం ఇది: వేడి = బరువు × విశిష్టోష్ణం × డిగ్రీల తేడా. నీళ్లు తీసుకున్న వేడి 1 × 1 × 6.7, అంటే 6.7 కిలో క్యాలరీలు. అది రాయి ఇచ్చిందే. రాయి 98 నుంచి 31.7కి దిగింది, అంటే 66.3 డిగ్రీలు. 6.7ని 66.3తో భాగిస్తే 0.10. పుస్తకం ఇనుముకి 0.11 అంటోంది. రాయిని మార్చేటప్పుడు గాలికి కొంచెం వేడి పోయింది, ఆ తేడా అదే. తక్కెడ రాయితో, నూటయాభై రూపాయల థర్మామీటరుతో ఇంత దగ్గరికి రావడం నాకు భలే అనిపించింది.

మధ్యలో ఒక మాట. ఆ చలి పొద్దున నేను ఇనుప బల్లని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది, పక్కనున్న కర్రని ముట్టుకుంటే అంత అనిపించలేదు. అది విశిష్టోష్ణం కాదు. ఇనుము మన చేతి వేడిని గబగబా లాగేస్తుంది, దాన్ని ఉష్ణవాహకత అంటారు. రెండూ ఆ పొద్దున 6 డిగ్రీలే. ఈ రెండిటినీ కలిపేసి వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కూడా ఒకసారి అలాగే చెప్పి, తర్వాత ఆ వీడియో తీసేశాను.

సరే, ఆ రాత్రి నా షెడ్డులో ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. పక్క తెరలు దించి "వెచ్చదనం దాచాను" అనుకున్నా కదా, ఏం దాచాను? గాలిని. షెడ్డులో గాలి సుమారు 190 ఘనపు మీటర్లు. దాని బరువు రెండు వందల కిలోల పైచిలుకు. గాలి విశిష్టోష్ణం 0.24. గుణిస్తే, ఆ గాలి మొత్తం ఒక డిగ్రీ చల్లబడితే ఇచ్చే వేడి సుమారు 50 కిలో క్యాలరీలు. ఒక్క 200 లీటర్ల డ్రమ్ము ఒక డిగ్రీ దిగితే ఇచ్చేది 200. అంటే షెడ్డు నిండా ఉన్న గాలి పావు డ్రమ్ము నీళ్లతో సమానం! ఆ వేడి పాలిథిన్ షీటులోంచి చీకటి పడ్డ కాసేపటికే పోయి ఉంటుంది.

ట్రేల సంగతి ఇంకా నేర్పింది. తడిసిన కొబ్బరిపొట్టులో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి దాని విశిష్టోష్ణం మంచిదే. కానీ ట్రే మొత్తానికి పట్టేది రెండు లీటర్ల పొట్టు. ఆ రోజు అదీ సగం ఎండి ఉంది. విశిష్టోష్ణం కిలో లెక్క. కిలోలే లేకపోతే అది ఎంతుంటే ఏం లాభం? వస్తువు మొత్తం ఎంత వేడి పట్టుకోగలదనేది బరువునీ విశిష్టోష్ణాన్నీ గుణిస్తేనే వస్తుంది. పైగా బల్ల మీద ట్రేకి కిందా పైనా చల్లగాలే. తొట్టి పక్కన నేల మీద ఉన్న ట్రేలకి ఒకవైపు తడి నేల, ఇంకోవైపు పన్నెండు వందల లీటర్ల నీళ్లు.

రెండో ఏడాది ఎనిమిది డ్రమ్ములు కొన్నాను. పాతవి కొనేటప్పుడు అంతకుముందు అందులో ఏం పోశారో తప్పకుండా అడగండి, యాసిడ్ డ్రమ్ములు కొనకండి. నల్ల రంగు వేయించి, చలికాలపు ఎండ దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఉత్తరం వైపు పెట్టాను. సాయంత్రానికి నీళ్లు 28 డిగ్రీలకి చేరేవి, తెల్లారేసరికి 18కి దిగేవి. ఒక్కో డ్రమ్ము రాత్రికి 200 × 10, అంటే 2,000 కిలో క్యాలరీలు ఇచ్చింది. కరెంటు లెక్కలో చెప్పాలంటే ఒక యూనిట్ 860 కిలో క్యాలరీలు, కాబట్టి డ్రమ్ముకి రెండుంపావు యూనిట్ల పైన. ఎనిమిది డ్రమ్ములకి రోజూ రాత్రి 18 యూనిట్ల హీటరు ఉచితంగా నడిచినట్టు.

లెక్క చూసి నాకు చాలా సంబరం వేసింది. షెడ్డులో థర్మామీటరు చూస్తే బయటికన్నా ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ, అంతే. మళ్లీ నెత్తి పట్టుకున్నా.

ఎందుకంటే నేను జమ ఒక్కటే లెక్కేసుకున్నా, ఖర్చు లెక్కేయలేదు. ఒక్క పొర పాలిథిన్ షీటు, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకి గంటకి సుమారు 5 కిలో క్యాలరీలు వదిలేస్తుంది. నా షెడ్డు షీటు 160 చదరపు మీటర్లు. బయటికన్నా 5 డిగ్రీలు ఎక్కువ ఉంచాలంటే పది గంటల రాత్రికి 160 × 5 × 5 × 10, అంటే 40,000 కిలో క్యాలరీలు కావాలి. నా దగ్గర ఉన్నవి 16,000. గాలి సందుల్లోంచి పోయేది దీనికి అదనం. ఇరవై అయిదు డ్రమ్ములు పెడితే సరిపోవచ్చు, కానీ అప్పుడు ట్రేలు పెట్టడానికి చోటు ఉండదు.

షెడ్డు మొత్తం వెచ్చగా ఉండాల్సిన అవసరం ఏముంది? వెచ్చదనం కావాల్సింది మొక్కకి. అందుకని బల్లల మీద రెండడుగుల ఎత్తున జి.ఐ. వైరు వంపులు పెట్టి, తెల్ల క్రాప్ కవరు గుడ్డని రెండు పక్కలా నేల దాకా దించాను. బల్లల కింద ఖాళీలో 20 లీటర్ల పాత నీళ్ల క్యాన్లు నింపి వరుసగా పేర్చాను. పొద్దున గుడ్డ పైకెత్తితే క్యాన్లకి ఎండ తగులుతుంది, నాలుగున్నరకి దించేస్తాం. వేడి పోయే దారి తగ్గింది, వేడి ఇచ్చేది మొక్క కిందికే వచ్చింది. ఆ చలికాలం బయట 7 డిగ్రీలు పడ్డ రాత్రి ట్రే ఎత్తులో 11.5 ఉంది. టమాటకి 10 డిగ్రీల కిందికి దిగితే పెరుగుదల ఆగుతుంది, మిరప ఇంకా సుకుమారం. కాబట్టి ఈ నాలుగైదు డిగ్రీలే మాకు నారు ఉండటానికీ పోవడానికీ మధ్య తేడా. డ్రమ్ములు ఇప్పటికీ ఉంచాను. నిజం చెప్పాలంటే ఎక్కువ పని చేసేది క్యాన్లే, వీడియోలో బాగా కనబడేవి డ్రమ్ములు.

వరుసగా మూడు రోజులు మబ్బు పడితే ఇవి పని చేయవు. నీళ్లు వేడిని దాచుకుంటాయి గానీ పుట్టించవు. మబ్బు ఉన్న రాత్రి చలి కూడా అంతగా దిగదు కాబట్టి బతికిపోతాం. మబ్బు విడిచిన మొదటి రాత్రే ప్రమాదం, ఆరోజు క్యాన్లు ఖాళీ కడుపుతో ఉంటాయి. ఆ ఒక్క రాత్రి నేను బోరు నీళ్లతో క్యాన్లు మార్చి నింపుతాను.

బోరు నీళ్లు ఎందుకంటే, చలికాలం పొద్దున్నే బోరు కింద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటాయి, మనందరికీ తెలుసు. లోతు భూమి ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది, మా దగ్గర 26 డిగ్రీలు వస్తోంది. పైట్యాంకులో రాత్రంతా నిలవ ఉన్న నీళ్లకి ఈ గుణం ఉండదు, అవి చల్లారిపోతాయి. ఇప్పుడు పొలం లెక్క చూడండి. ఎకరానికి ఒక్క సెంటీమీటరు మందాన తడి ఇస్తే 40 వేల లీటర్లు. 26 నుంచి 10 డిగ్రీలకి దిగితే లీటరుకి 16 చొప్పున 6 లక్షల 40 వేల కిలో క్యాలరీలు, అంటే 740 యూనిట్ల కరెంటు అంత వేడి ఆ ఎకరంలో పోసినట్టు. చలి రాత్రి చేనుకి తడి ఇవ్వమని పెద్దలు చెప్పింది ఊరికే కాదు.

తడి నేల ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. ఒక చదరపు మీటరు నేల, నాలుగంగుళాల లోతు తీసుకుంటే మట్టి సుమారు 130 కిలోలు. ఎండు మట్టి అయితే 130 × 0.2, డిగ్రీకి 26 కిలో క్యాలరీలు. అందులో 25 లీటర్ల తేమ ఉంటే 26కి 25 కలుస్తుంది, 51. అంటే రెండింతలు! పగలు ఎండని ఎక్కువ మింగుతుంది, రాత్రి ఎక్కువ కక్కుతుంది. పొడి నేల పగలు మాడిపోతుంది, రాత్రి బిగుసుకుపోతుంది. విశాఖపట్నంలో జనవరి రాత్రికి స్వెట్టరు పెద్దగా అవసరం పడకపోవడానికీ, మా జహీరాబాద్‌లో గొంగడి కప్పుకున్నా వణకడానికీ ఒక ముఖ్య కారణం ఇదే. వాళ్ల పక్కన సముద్రమంత నీళ్ల డ్రమ్ము ఉంది.

ఇక్కడ మనవాళ్లకి నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆచ్ఛాదన అన్ని కాలాల్లో అన్ని విధాలా మంచిదే అని మనం చెబుతుంటాం, నేను కూడా చెప్పాను. వేళ్లకి, వానపాములకి, తేమకి అది నిజమే. కానీ గడ్డి అంటే సగానికి పైగా గాలి. పగలు ఎండని నేలలోకి దిగనివ్వదు, రాత్రి నేల వేడిని పైకి రానివ్వదు. తేటగా ఉన్న చలి రాత్రి గడ్డి పరిచిన మడిలో ఆకు ఎత్తున ఉష్ణోగ్రత, తడిపిన ఒట్టి నేల మీద కన్నా తక్కువ ఉంటుంది. మంచు గడ్డకట్టే దేశాల్లో పళ్లతోటల వాళ్లు ఆ కాలంలో చెట్ల కింద నేలని గడ్డి లేకుండా, తడిగా ఉంచుకునేది అందుకే. నేను జనవరిలో నాటిన లేత టమాటకి చలి తగ్గేదాకా మొదలు చుట్టూ అడుగు మేర గడ్డి జరిపేస్తాను. ఫిబ్రవరి నెలాఖరుకి మళ్లీ దగ్గరికి లాగుతాను. ఎండాకాలం అదే గడ్డి ప్రాణం నిలబెడుతుంది.

జీవామృతం సంగతి కూడా చెప్పి ముగిస్తా, చలికాలంలో పొంగడం లేదని చాలామంది ఫోన్లు చేస్తున్నారు. డ్రమ్ము ఎండలో పెట్టాం కదా అంటారు. 200 లీటర్ల నీళ్లు అంత తేలిగ్గా వేడెక్కవు, ఆ పెద్ద కడుపు ఇక్కడ మనకి అడ్డం. ప్లాస్టిక్ డ్రమ్ము బదులు ఇనుప డ్రమ్ము పెడితే తొందరగా వేడెక్కుతుందా అని ఒకరు అడిగారు. డ్రమ్ము బరువు ఎంత, విశిష్టోష్ణం ఎంత? రెండు లీటర్ల నీళ్లంత తేడా కూడా రాదు. ఇలా చేయండి. 175 లీటర్ల చల్ల నీళ్లు 16 డిగ్రీల్లో ఉన్నాయనుకోండి. 25 లీటర్లు కాచి, 96 డిగ్రీల్లో ఉండగా కలపండి. చల్ల నీళ్లు 10 డిగ్రీలు ఎక్కాలంటే 1,750 కావాలి, వేడి నీళ్లు 70 డిగ్రీలు దిగితే 25 × 70, అదీ 1,750. మొత్తం 26 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ తర్వాతే పేడ, మూత్రం, బెల్లం, పిండి, గుప్పెడు మట్టి వేయండి. వేడి నీళ్లు పేడ మీద పోస్తే మనకి కావాల్సిన సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. చుట్టూ గోనెసంచులు కట్టండి, లేకపోతే రాత్రికి మళ్లీ దిగిపోతుంది.

డ్రమ్ములు పెట్టేవాళ్లకి ఇంకో రెండు మాటలు. మూత తప్పనిసరి. తెరిచి ఉంచితే దోమలు గుడ్లు పెడతాయి, పైగా ఒక్క లీటరు ఆవిరైతే 580 కిలో క్యాలరీల దాకా డ్రమ్ము నుంచి తీసుకుపోతుంది, ఆ తేమ నారుకుళ్లుకి కూడా దారి. థర్మామీటరు మన కంటి ఎత్తులో వేలాడదీయకండి, ట్రే ఎత్తులో పెట్టండి. రెండిటికీ మా షెడ్డులో రెండు డిగ్రీల దాకా తేడా చూశాను.

పక్కూరి రైతు పోయిన చలికాలం మళ్లీ వచ్చాడు, అడ్వాన్సు ఇవ్వలేదు. పొద్దున్నే గుడ్డ ఎత్తి, ఒక క్యాన్ మీద చెయ్యి పెట్టి, ఇంకో క్యాన్ మీద పెట్టి, ఆఖరికి నారు కేసి చూశాడు. మూడు వేల మొక్కలు పట్టుకుపోయాడు. ఈసారి అయిదు వేలు కావాలన్నాడు, విత్తనం పోసి ఇవాళ్టికి తొమ్మిది రోజులు.